పరీక్ష మంచం పక్కనే మొదలవుతుంది

(తిరుపతిలో నర్సింగ్, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. నేను చూపించబోయేది చిన్న వస్తువు, అంత దూరానికి కనబడదు.

ఇది మూత్రం పట్టే డబ్బా. పక్కన అతికించిన ఈ తెల్ల కాగితాన్ని చూడండి. పేరు, వయసు, ఆస్పత్రి నంబరు, తేదీ, పట్టిన సమయం అని ఐదు గీతలున్నాయి. నేను వార్డులో నర్సుగా, ఆ తర్వాత ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా కలిపి ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ ఐదు గీతల్లో ఎప్పుడూ ఖాళీగా ఉండిపోయేది చివరిది. సమయం ఎవరూ రాయరు. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ ఒక్క గీత గురించే అనుకున్నా తప్పులేదు.

ఒక మే నెల ఉదయం. మన ఊరి ఎండ మీకు తెలుసు, ఎనిమిదింటికే గోడలు కాలుతుంటాయి. ఒక పెద్దావిడ దగ్గర ఆరున్నరకు మూత్రం పట్టారు. డబ్బా మీద పద్నాలుగో మంచం అని మాత్రం రాసి కిటికీ గట్టు మీద పెట్టారు. నమూనాలన్నీ ఒకేసారి తీసుకెళ్లే మనిషి పదకొండుకు వచ్చాడు. మూడో రోజు రిపోర్టు వచ్చింది: మిల్లీలీటరుకు లక్షకు పైగా ఈ.కోలి క్రిములు. ఆవిడకు యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. నిజానికి ఆవిడకు మంట లేదు, జ్వరమూ లేదు. కంటి ఆపరేషనుకు ముందు చేసే పరీక్షల్లో భాగంగా ఎవరో అది కూడా రాశారు, అంతే.

ఇప్పుడు లెక్క వేద్దాం, నోట్సు తీయండి. ఈ.కోలికి తిండి, వెచ్చదనం సరిగ్గా దొరికితే దాదాపు 20 నిమిషాలకు ఒకసారి రెండింతలవుతుంది. మూత్రం బయటికి వచ్చే దారిలో చర్మం మీది క్రిములు కొన్ని ఎలాగూ కలుస్తాయి. పట్టినప్పుడు మిల్లీలీటరుకు వెయ్యి ఉన్నాయనుకోండి. వెయ్యి రెండు వేలు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు, లక్షా ఇరవై ఎనిమిది వేలు. ఏడుసార్లు రెండింతలైతే చాలు, లక్ష దాటింది. ఏడు ఇరవైలు నూట నలభై నిమిషాలు. ఆరున్నరకు పట్టినది తొమ్మిదికి పది నిమిషాల ముందే లక్ష దాటుతుంది. కొత్త చోట కుదురుకోవడానికి అవి మొదట కొంత సమయం తీసుకుంటాయని ఆ సమయం కలిపి చూసినా, పదకొండు గంటలకు ఆ డబ్బాలో ఉన్నది ఆవిడ ఒంట్లోని సంగతి కాదు, మన కిటికీ గట్టు సంగతి.

లక్ష అనే ఆ గీటు 1950లలో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికా వైద్యుడి పరిశోధనతో స్థిరపడింది. ఎంతోమంది రోగుల మూత్రంలో క్రిములను లెక్కపెట్టి, ఇంతకు మించితే ఇన్ఫెక్షను, అంతకన్నా తక్కువైతే చాలావరకు బయటినుంచి కలిసినది అని వేరుచేశాడు. ఆయన లెక్కంతా తాజా మూత్రానికి సంబంధించినది. మీరు డబ్బాను గట్టు మీద వదిలేస్తే ఆ గీటుకు అర్థమే ఉండదు. అందుకే రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో ఉంటే 24 గంటల దాకా ఆ సంఖ్య పెద్దగా మారదు. ల్యాబ్‌లో ఉన్న టెక్నీషియను ఎంత నేర్పరి అయినా తన ముందుకు వచ్చినదానినే చూడగలడు. ఆ డబ్బా కిటికీ దగ్గర ఎంతసేపు కూర్చుందో అతనికి చెప్పగలిగేది ఈ ఐదో గీత ఒక్కటే.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జరిగింది చెబుతాను. మెదడు పొరల వాపు అనుమానంతో ఎనిమిదేళ్ల పిల్లవాడిని తెచ్చారు. రాత్రి వెన్నులోంచి నీరు తీశారు. ల్యాబ్ ఉదయం గాని తెరవరు. నమూనా వెంటనే పంపలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలని నాకు బాగా గుర్తుంది. ఎంతో శ్రద్ధగా ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టాను. ఉదయం కల్చర్ వేశారు, అంటే అందులోని క్రిములను పెంచి చూశారు, ఏమీ పెరగలేదు. మెదడు పొరల వాపుకు కారణమయ్యే మెనింగోకాకస్, హీమోఫిలస్ లాంటివి చలికి తట్టుకోలేవు. వెన్ను నీటిని, రక్తం కల్చర్ సీసాలను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఆ పిల్లవాడు బతికాడు. కానీ ఏ క్రిమో తెలియక, ఏ మందు సరిపోతుందో తేలక, రెండు మందులు కలిపి చాలా రోజులు ఎక్కించాల్సి వచ్చింది. ఆ చిన్న చేతికి రోజూ కొత్త చోట సూది గుచ్చినప్పుడల్లా నాకు ఆ ఫ్రిజ్ తలుపే గుర్తుకొచ్చేది.

నన్ను ఎవరూ తిట్టలేదు. ఎందుకంటే మూత్రాన్ని ఎందుకు చల్లగా ఉంచాలో, వెన్ను నీటిని ఎందుకు ఉంచకూడదో మాలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. నియమం చెప్పారు, కారణం చెప్పలేదు. మూత్రంలో మనకు కావలసింది లెక్క, అందుకే పెరుగుదలను ఆపాలి. వెన్ను నీటిలో మామూలుగా ఒక్క క్రిమి కూడా ఉండకూడదు, అక్కడ ఒక్కటి బతికి దొరికినా అదే జవాబు, అందుకే దానిని చంపకూడదు. ఈ రెండు వాక్యాలు ఆ రోజు నాకు తెలిసి ఉంటే పుస్తకం తిప్పి చూడాల్సిన పని ఉండేది కాదు. 2021లో మార్చిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో మీ మూడో సెమిస్టరు మైక్రోబయాలజీ పేరులోనే ఇన్ఫెక్షన్ కంట్రోల్ అనే మాట చేర్చారు. మా కాలంలో అది లేదు. మీరు అదృష్టవంతులు.

సరే, ఈ సబ్జెక్టు అంటే మీకు భయం ఎందుకో నాకు తెలుసు. క్రిముల పేర్లు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు నా దగ్గరికి వచ్చి, మేడమ్, ఒక్క పేరూ నోటికి రావడం లేదని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ పేర్లు మన భాషవి కావు కాబట్టే అలా అనిపిస్తుంది. విప్పి చూస్తే అవి మన పెరట్లో వస్తువులే. స్టాఫిలే అంటే గ్రీకు భాషలో ద్రాక్షగుత్తి. కాకస్ అంటే గింజ. గుత్తిగా ఉన్న గింజలు, స్టాఫిలోకాకస్. ఆరియస్ అంటే లాటిన్‌లో బంగారు రంగుది, ల్యాబ్‌లో క్రిములను పెంచే ప్లేటు మీద దాని కాలనీలు, అంటే గుంపులు, పసిడి రంగులో ఉంటాయి. బాసిల్లస్ అంటే చిన్న కర్ర. నాకు బాగా ఇష్టమైన పేరు స్యూడోమోనాస్ ఏరుజినోసా. ఏరుగో అంటే ఏమిటో తెలుసా? చిలుము. మీ అవ్వ చింతపండు పెట్టి తోమేది చూడండి, రాగిచెంబు మీద పట్టే ఆ పచ్చటి చిలుము. కాలిన గాయాల వార్డులో కట్టు విప్పినప్పుడు గాజుగుడ్డ మీద అదే పచ్చదనం కనబడితే, రిపోర్టు రాకముందే మీకు అనుమానం రావాలి. ఇక సాల్మొనెల్లా, క్లెబ్సియెల్లా, ఎషెరిషియా అన్నవి మనుషుల పేర్లు, సాల్మన్, క్లెబ్స్, ఎషెరిష్. వాటిని ఊరి పేర్లలా గుర్తు పెట్టుకోవడమే.

కల్చర్ అంటే ఏమిటో మీకు పుట్టినప్పటినుంచీ తెలుసు. రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక, నిన్నటి పెరుగు ఒక చెంచా తోడు వేసి మూత పెడతారు. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, పెరుగు కాదు. చలికాలంలో తోడుకోదు, అమ్మ గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెడుతుంది. మే నెలలో తెల్లవారేసరికే పులిసిపోతుంది. క్రిములు పెరగడానికి వెచ్చగా ఉంచే మా ల్యాబ్ ఇంక్యుబేటరు ఆ గుడ్డ చుట్టిన గిన్నే. ఇనాక్యులేషన్ అన్న మాటకు నాకు తెలిసి తోడు వేయడం కన్నా మంచి తెలుగు లేదు.

పెరుగు గిన్నెలో ఎన్నో రకాల క్రిములు కలిసి ఉన్నా మనకు ఇబ్బంది లేదు. రోగి నమూనాలో అలా కుదరదు, ఒక్కొక్కటి విడిగా కావాలి. దానికి గట్టి నేల కావాలి. జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ ప్రయోగశాలలో మొదట జెలటిన్ వాడేవారు. మన ఒంటి వేడికి పెడితే అది కరిగి నీరయ్యేది. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సే ఈ గొడవతో విసిగిపోయి, మీ జెల్లీలు ఎండాకాలంలోనూ కరగకుండా ఎలా ఉంటున్నాయని భార్యను అడిగాడు. ఆమె పేరు ఫానీ హెస్సే. సముద్రపు నాచు నుంచి తీసిన అగర్‌ను వంటింట్లో వాడతానని చెప్పింది. మనం చైనా గ్రాస్ అంటాము, అదే. ఇది 1881 నాటి మాట. ఈ నాటికీ ప్రపంచంలోని ల్యాబ్‌లన్నీ ఆ ఇల్లాలు చెప్పిన పదార్థం మీదే నడుస్తున్నాయి. ఆమె పేరు మీ పుస్తకాల్లో చాలాచోట్ల ఉండదు. మీరైనా గుర్తుంచుకోండి.

ఇక లూప్‌తో, అంటే కొస ఉంగరంలా వంచిన తీగతో, నమూనాను అగర్ ప్లేటు మీద గీతలుగా గీయడం. మొదటిసారి అందరూ కంగారుపడతారు, ముఖ్యంగా అబ్బాయిలు. అమ్మాయిల్లో ముగ్గు వేసే అలవాటు ఉన్నవాళ్లకు అది చేతిలోనే ఉంటుంది. వేళ్ల మధ్య పిండి పట్టుకుని గీత లాగితే మొదట మందంగా పడుతుంది, పిండి అయిపోయేకొద్దీ పలచబడుతుంది, చివరికి విడివిడిగా రేణువులు రాలతాయి. ఆ చివరి రేణువులే మనకు కావాలి. ఒక్కొక్క రేణువు పడినచోట ఒక్కొక్క కాలనీ లేస్తుంది. ఒక వంతు గీసి, లూప్‌ను మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, తర్వాతి వంతు గీయాలి. చల్లారకముందే గీస్తే మరీ వేడి పాలలో తోడు వేసినట్టే.

రక్తం కల్చర్ దగ్గర కొంచెం ఆగుదాం, మనవాళ్ల తప్పులు ఎక్కువ కనబడేది అక్కడే. యాంటీబయాటిక్ మొదటి మోతాదు ఎక్కించకముందే రక్తం తీయాలి. రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండుసార్లు తీయాలి. ఎందుకు రెండు? చర్మం మీద కాపురముండే స్టాఫిలోకాకస్‌లు సూదితో పాటు లోపలికి వస్తాయి. రెండింటిలో ఒకదానిలోనే అవి పెరిగితే చాలావరకు చర్మానివి, రెండింటిలోనూ అదే పెరిగితే నమ్మాలి. రెండో చేతికి గుచ్చితే రోగి బాధపడతాడని ఒకే చోట తీసి రెండు సీసాల్లో నింపిన సిస్టర్లను చూశాను. వాళ్ల మనసు మంచిదే, కానీ ఆ దయ వల్ల ఆ రోగికి వారం రోజులు అక్కర్లేని వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కవచ్చు. మందు రాసిన చోట చర్మం తనంతట తానే ఆరాలి, ఊదకూడదు, మళ్లీ వేలితో తాకి చూడకూడదు. సీసా ప్లాస్టిక్ మూత తీశాక కనబడే రబ్బరు శుభ్రంగా ఉంటుందనుకోకండి, దానిని స్పిరిట్‌తో తుడవాలి. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్లు పడాలి. రక్తంలో క్రిములు చాలా పలచగా ఉంటాయి, తక్కువ రక్తం పోస్తే దొరకకుండా పోతాయి.

ఫారం మీద ఫోను నంబరు రాయడం మన ఊళ్లో మరీ ముఖ్యం. కొండకు వచ్చిన యాత్రికుడు జ్వరంతో వస్తాడు, రక్తం ఇస్తాడు, కాస్త తేరుకోగానే రైలెక్కి సొంత ఊరు వెళ్లిపోతాడు. కల్చర్ జవాబు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికి ఆ మనిషి నాందేడ్‌లోనో విజయనగరంలోనో ఉంటాడు. ఆ పది అంకెలు లేకపోతే ఆ రిపోర్టు కాగితం ముక్కే.

కల్చర్‌లో ఏమీ పెరగలేదంటే క్రిమి లేదని అర్థం కాదు. ఇది మీకు ఒక మనిషి కథతో చెబుతాను. చంద్రగిరి వైపు కొండ కింద ఊరు, ఇరవై ఎనిమిదేళ్ల తల్లి. వానలు పడి వెనకపట్టిన రోజులు. తొమ్మిది రోజులుగా జ్వరం, తలనొప్పి. మలేరియా లేదు, డెంగీ లేదు, రక్తం కల్చర్‌లో ఏమీ లేదు. వేసిన యాంటీబయాటిక్ పనిచేయలేదు, ఆయాసం మొదలైంది. పదో రోజు ఉదయం రెండో సంవత్సరం నర్సింగ్ చదివే అమ్మాయి, మీ వయసుదే, ఆమెకు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తోంది. ముఖం, చేతులు తుడిచి వదిలేయలేదు. తెర అడ్డం లాగి, నేర్చుకున్న క్రమంలో మొత్తం తుడిచింది. ఎడమ రొమ్ము కింద మడతలో ఒక మచ్చ కనబడింది. బఠాణీ గింజంత, నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు, బీడీతో కాల్చినట్టుగా ఉంది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే రోగికే తెలియదు. ఆమె సిగ్గుపడి చూపించలేదు, డాక్టర్లు మొహమాటపడి అంతవరకు చూడలేదు. ఆ అమ్మాయి వచ్చి నాకు చెప్పింది. మేము డాక్టరును పిలిచాము.

అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు పిల్ల కుట్టినచోట ఆ మచ్చ ఏర్పడుతుంది. దానిని ఎస్కార్ అంటారు. చంకలు, గజ్జలు, రొమ్ము కింద, నడుము దగ్గర బట్ట బిగుతుగా ఉండేచోట, ఇలాంటి మరుగు చోట్లే ఎక్కువగా ఉంటుంది. దానికి కారణమైన ఓరియెన్షియా అనే క్రిమి మన కణాల లోపల మాత్రమే బతుకుతుంది. అగర్ మీద పెరగదు. ఎన్ని సీసాల రక్తం తీసినా కల్చర్ ఖాళీగానే వస్తుంది. శేషాచలం అడవి అంచు ఊళ్లున్న మన ప్రాంతంలో ఈ జబ్బు మనకు పరాయిది కాదు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆమె కొడుకు మూడేళ్లవాడు, వెళ్లేరోజు వార్డంతా పరిగెత్తాడు.

డాక్సీసైక్లిన్ గురించి ఒక్క మాట చెప్పనివ్వండి, నాకు అది చెప్పకుండా ముందుకు వెళ్లబుద్ధి కాదు. అది టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి దానిని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలన్నిటికీ అధిపతి ఎవరు? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. మందు బయటికి వచ్చిన ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆరియో అన్న మాట ఇంతకుముందు విన్నారు కదా, ఆరియస్, బంగారం. ఆ మందూ పసిడి రంగుదే. చంద్రగిరి తల్లి జ్వరం దించిన మాత్రకు వంశవృక్షం గీస్తే పై కొమ్మ దగ్గర ఒక తెలుగువాడు ఉంటాడు.

సూది గుచ్చుకోవడం గురించి చెప్పకుండా పంపితే నాకు నిద్ర పట్టదు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి, తెల్లని గట్టి డబ్బాలో వేయండి. గుచ్చుకుంటే సబ్బుతో, నీటితో కడగండి. పిండకండి, వేలు నోట్లో పెట్టుకోకండి. వెంటనే చెప్పండి. మీరు టీకా వేయించుకోకపోతే, హెపటైటిస్ బి ఉన్న రక్తం ద్వారా అది సోకే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. హెచ్‌ఐవి అయితే వెయ్యికి 3. హెచ్‌ఐవి సోకకుండా ఆపే మందు ఉంది, రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. తిడతారన్న భయంతో మూడు రోజులు దాచిన పిల్లను నేను చూశాను. మిమ్మల్ని ఎవరైనా తిడితే తిట్టనివ్వండి, గడియారం మాత్రం ఆగదు. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ వేయించుకోనివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, వార్డులో అడుగు పెట్టకముందే మొదలుపెట్టండి.

చివరిగా కఫం. క్షయ పరీక్షకు డబ్బా ఇచ్చి కఫం తెమ్మంటే పది మందిలో సగం మంది ఉమ్మి తెస్తారు. తప్పు వాళ్లది కాదు, మన మాటది. కొందరికి తెమడ అంటే తెలుస్తుంది, కొందరికి గళ్ల అంటే తెలుస్తుంది. చిత్తూరు, నగరి వైపు నుంచి వచ్చే తమిళం మాట్లాడే అవ్వకు సళి అంటేనే తెలుస్తుంది. ఏ మాట అర్థమవుతుందో ఆ మాటే వాడండి. పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, మూడోసారి లోతునుంచి దగ్గమని మీరే చేసి చూపించండి. గది బయట, గాలి ఆడేచోట నిలబెట్టండి, ఎదురుగా నిలబడకండి. డబ్బాలోకి వచ్చినది చిక్కగా, పసుపుగా ఉంటే పంపండి. నీళ్లలా నురగగా ఉంటే ఓపికగా మళ్లీ అడగండి.

ఆ బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టించాను. రెండింటిలోనూ గ్రామ్ రంగు, అంటే క్రిములు, కణాలు కనబడేలా వేసే రంగు, వేసిన స్లైడ్లున్నాయి. ఒకటి ఉమ్మి, ఒకటి కఫం. ఏది ఏదో రాయలేదు. పెద్దగా, పలచగా, మడత పడిన అప్పడంలా కనబడే కణాలు బుగ్గ లోపలి చర్మానివి. చిన్నగా, గుండ్రంగా, లోపల రెండు మూడు ముక్కల కేంద్రకంతో గుంపుగా ఉన్నవి చీము కణాలు, ఊపిరితిత్తుల నుంచి వచ్చినవి. ముందు వరుస నుంచి ఐదుగురు చొప్పున రండి. కళ్లద్దాలున్నవాళ్లు తీయనక్కర్లేదు. చూసి, ఏ స్లైడుకు సంబంధించిన నమూనాను మీరైతే వెనక్కి పంపి మళ్లీ తెమ్మంటారో నాకు చెప్పండి.